గద్దకి మనమంటే భయం పోకూడదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో మాంజా తగిలి రెక్క తెగిన గద్దల గురించి, వాటికి వైద్యం చేసే సెంటర్లో వాలంటీర్ల పని గురించి ఒక పేజీ రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నీ చదివాను, ఒకేలాంటివి కలిపేసి కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ హైదరాబాద్ శివార్లలో ఒక సెంటర్లో పదకొండేళ్ళుగా ఆదివారాలు, సెలవు రోజులు పని చేస్తున్నదాన్ని, కాబట్టి చేత్తో చేసి తెలుసుకున్నదే చెప్తా.

ప్రశ్న: జువాలజీ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. చిన్నప్పటి నుంచి గద్దలంటే ప్రాణం. చేతి మీద గద్దని పెట్టుకుని తిరిగే వీడియోలు తెగ చూస్తా. వాలంటీర్‌గా చేరితే మొదటి రోజే పక్షిని పట్టుకోనిస్తారా మేడమ్? ముందే ఏమైనా నేర్చుకుని రావాలా? – ఒక విద్యార్థిని, హనుమకొండ

లేదు తల్లీ, మొదటి రోజు కాదు కదా, మా దగ్గరైతే మొదటి మూడు నెలలు తాకనివ్వరు. ఆ మూడు నెలలు ఏం చేస్తావంటే కడుగుతావు. పొద్దున ఆరున్నరకి వస్తే రాత్రి వేసిన పాత పేపర్లన్నీ తీసెయ్యాలి, రెట్టలు గోడ మీద రెండడుగుల ఎత్తు దాకా కొడతాయి, అవి ఎండిపోతే సున్నంలా పట్టేస్తాయి, తడిపి బ్రష్‌తో రుద్దాలి. తర్వాత తొట్టెలు కడగాలి, టవళ్ళు ఉతికి ఎండలో వెయ్యాలి, కూర్చునే కర్రలకి చుట్టిన కొబ్బరి పీచు తాడు నలిగిపోయిందేమో చూసి మార్చాలి. ఈ తాడు పని చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ నున్నటి కర్ర మీదో గచ్చు మీదో రోజుల తరబడి కూర్చుంటే గద్ద అరికాలు వాచి పుండవుతుంది, రెక్క బాగుపడినా ఆ పుండుతో పోయిన పక్షుల్ని చూశాను.

ఇక తిండి. ఎముక లేని మెత్తటి మాంసం ముక్కలు పెడితే సరిపోతుందనుకుంటారు, అది తప్పు. అడవిలో అవి ఎలకని బొచ్చుతో ఎముకతో సహా తింటాయి, అరగని బొచ్చు, ఎముకలు ఉండ కట్టి మళ్ళీ నోట్లోంచి కక్కేస్తాయి, ఆ ఉండ పడిందా లేదా అనేది రోజూ చూసి రాయాలి. పిల్లలకైతే ఎముక లేని మాంసమే పెడుతూ పోతే కాల్షియం చాలక కాళ్ళు వంకర తిరుగుతాయి. అందుకని ఎముకతో సహా చిన్నగా కొట్టాలి, తూకం వేసి పెట్టాలి, సాయంత్రం మిగిలింది మళ్ళీ తూకం వెయ్యాలి. ఒక నల్ల గద్దకి రోజుకి వంద గ్రాముల దాకా పడుతుంది. ఎంత తిన్నది, ఎంత బరువుంది, ఎలా నిలబడింది, ఇవన్నీ నోట్‌బుక్‌లో రాయడమే వాలంటీర్ అసలు పని అని నా ఉద్దేశం, ఎందుకంటే డాక్టర్ రోజుకి పది నిమిషాలు చూస్తాడు, రోజంతా ఉండేది మనమే.

మూడు నెలలయ్యాక పట్టుకోవడం నేర్పిస్తారు. అందరూ ముక్కుని చూసి భయపడతారు, కానీ ప్రమాదమంతా కాళ్ళల్లోనే ఉంది, పంజా బిగించిందంటే గోళ్ళు నీ చేతిలో దిగబడతాయి, నువ్వు లాగేకొద్దీ ఇంకా బిగుస్తుంది. అందుకే ముందు టవల్ కప్పాలి, రెండు కాళ్ళూ ఒడిసి పట్టాలి, అప్పుడే లేపాలి. నేను మొదటిసారి పట్టుకున్నది ఒక ముసలి గద్దని, పాత లుంగీ గుడ్డలో చుట్టి కాటా మీద పెడితే 540 గ్రాములు వచ్చింది, రొమ్ము మీద వేలు పెట్టి చూడమన్నారు, కండ కరిగిపోయి మధ్య ఎముక కత్తి అంచులా తగిలింది. అది కదల్లేదు, అరవలేదు, కంటి మీదుగా పల్చటి తెల్ల పొర ఒకటి అడ్డంగా వచ్చి వెళ్ళింది అంతే. నేనేమో ఎంత సాధువుగా ఉందో అని మురిసిపోయా. పక్కనున్న సీనియర్ అక్క చెప్పింది, సాధువు కాదు, భయంతో కట్టెలా బిగుసుకుపోయింది, గుండె ఎలా కొట్టుకుంటుందో చూడు అని. చెయ్యి పెట్టి చూస్తే విడివిడిగా లెక్కపెట్టలేనంత వేగంగా ఉంది. ఆ రోజు నాకు అర్థమైంది. మనం మాట్లాడే ముద్దు మాటలు, తల నిమరడం, సెల్ఫీ, ఇవన్నీ దానికి పులి బోనులో ఉన్నట్టే. అందుకే మా దగ్గర పక్షుల గదిలో మాటల్లేవు, ఫోన్ల్లేవు.

నువ్వు వీడియోల్లో చూసే గద్దలు వేరే, అవి విదేశాల్లో పుట్టినప్పటి నుంచి మనుషుల దగ్గర పెరిగి వేటకి ట్రైనింగ్ ఇచ్చినవి. మన దగ్గరికి వచ్చేవి ఆకాశంలోంచి పడినవి, మళ్ళీ ఆకాశానికే పోవాలి. మన చేతి మీద కూర్చోడం అలవాటైన గద్ద బయటికెళ్ళి మనిషి కనిపించినచోటల్లా వాలుతుంది, ఎవడో రాయి పుచ్చుకుని కొడతాడు. కాబట్టి అది నిన్ను చూసి ఎగిరి మూలకి పోతే సంతోషించు.

నేర్చుకుని రావాల్సిందంటూ ఏం లేదు. టీటీ ఇంజెక్షన్ చేయించుకో, ముక్కుకి మాస్క్, చేతులకి గ్లవ్స్ వేసుకునే అలవాటు చేసుకో, ఇంట్లో కోళ్ళుంటే సెంటర్ బట్టలతో వాటి దగ్గరికి వెళ్ళకు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎంత భయపడ్డామో మాకు తెలుసు. ఇంకోటి, పరీక్షలప్పుడు మానేస్తానంటే ముందే చెప్పు, చెప్పకుండా రాకపోతే ఆ రోజు కేజ్ ఎవరూ కడగరు.

ప్రశ్న: మేము పుట్టుకతో శాకాహారులం, ఇంట్లో గుడ్డు కూడా రాదు. మా అపార్ట్‌మెంట్ మీద పడిన గద్దని మీలాంటి ఒక సెంటర్‌కి చేర్చినప్పటి నుంచి నాకూ సేవ చేయాలనుంది, కానీ మాంసం కొయ్యడం నా వల్ల కాదు. నాలాంటివాళ్ళు పనికిరామా? – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

పనికిరాకపోవడమేంటండీ. మా సెంటర్లో టవళ్ళు, నోట్‌బుక్కులు, మందుల అలమార చూసుకునేది ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఆవిడ ఉల్లిపాయ కూడా తినరు. తిండి గదిలోకి అడుగు పెట్టరు, కానీ ఏ పక్షికి ఏ పూట ఏ మందు పడిందో ఆవిడని అడగాల్సిందే. మీరు బండి నడుపుతారు కదా, ఫోన్ రాగానే వెళ్ళి పక్షిని అట్టపెట్టెలో తెచ్చే మనిషి దొరకడమే మాకు అన్నిటికన్నా కష్టం, ఆఫీసు అయ్యాక ఆ పని చేస్తే చాలు.

కానీ ఒక్క విషయం మనసులో గట్టిగా అనుకుని రండి, పక్షి తిండి మారదు. ఒకాయన మా దగ్గరికి తెచ్చిన గద్దకి నాలుగు రోజులు పెరుగన్నం, పనీర్ పెట్టాడు, మంచి మనసుతోనే పెట్టాడు, పక్షి ఆకలికి కొంచెం మింగింది కూడా, మా దగ్గరికి వచ్చేసరికి ఈక బరువుంది. బతకలేదు.

ఈ శాకాహారం మాంసాహారం గొడవలోంచే మన దేశంలో గద్దల వైద్యానికి ఒక పెద్ద మలుపు వచ్చింది, చెప్తా వినండి. ఢిల్లీలో ఎర్రకోట ఎదురుగా జైన మందిరం ఆవరణలో పక్షుల ఆసుపత్రి ఉంది, పావురాలకి, చిలకలకి వాళ్ళు చేసే సేవ గొప్పది, నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ మాంసం తినే పక్షుల్ని లోపల అడ్మిట్ చేసుకోరు, అది వాళ్ళ ధర్మం. అదే ఢిల్లీలో నదీమ్ షెహజాద్, మహమ్మద్ సౌద్ అని అన్నదమ్ములు కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు దెబ్బతిన్న గద్దని ఒక పక్షుల ఆసుపత్రికి తీసుకెళ్తే మాంసాహారి అని తీసుకోలేదు. తర్వాత వాళ్ళే మొదలుపెట్టారు. సబ్బు డిస్పెన్సర్లు తయారుచేసే చిన్న వ్యాపారం వాళ్ళది, ఆ సామాన్ల మధ్యే బేస్‌మెంట్‌లో గద్దల రెక్కలకి కుట్లు వేశారు, ఒకప్పుడు బాడీ బిల్డింగ్ చేసినవాళ్ళు కాబట్టి కండ ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో ఆ చదువుకున్నదే పనికొచ్చిందని చెప్తారు. 2010లో వైల్డ్‌లైఫ్ రెస్క్యూ అని సంస్థ పెట్టారు, ఇప్పటిదాకా వేల గద్దల్ని చూశారు. పశువైద్యం డిగ్రీ లేకుండా మొదలైన వాళ్ళ దగ్గర ఇప్పుడు డాక్టర్లు పనిచేస్తున్నారు.

మీ మొదటి గద్దని మీరు అసహ్యించుకోకుండా చేర్చారు కదండీ, సగం పని అయిపోయినట్టే. ఆదివారం పొద్దున బండి తీసుకుని మీకు దగ్గర్లో ఉన్న సెంటర్‌కి వెళ్ళి, నేను తిండి గది తప్ప ఏదైనా చేస్తాను అని ముందే చెప్పేయండి, మొహమాటపడితే రెండో వారం మానేస్తారు.

ప్రశ్న: మాది పాత పెంకుటిల్లు. అటక మీద తెల్ల గుడ్లగూబలు గూడు పెట్టాయి, రాత్రంతా బుసకొట్టినట్టు చప్పుడు. నిన్న ఒక పిల్ల పెరట్లో పడింది. మా అత్తగారు చావుపిట్ట, ఇంటికి అరిష్టం, పారేయించు అంటున్నారు. పిల్లలేమో పెంచుకుందామని ఏడుపు. ఇంతలో పక్క వీధి అతనొకడు వచ్చి డబ్బులిస్తా ఇచ్చెయ్యమన్నాడు. ఏం చెయ్యను? – ఒక గృహిణి, తెనాలి

అమ్మా, మీ ఉత్తరం చూడగానే పత్రిక వాళ్ళ ద్వారా మీకు ఫోన్ చేయించాను, ఇక్కడ రాసేది మీలాంటి ఇంకో ఇంటికి పనికొస్తుందని.

ముందు ఆ డబ్బులిచ్చేవాడి సంగతి. ఎట్టి పరిస్థితుల్లో ఇవ్వొద్దు. గుడ్లగూబల్ని క్షుద్రపూజలకని కొనేవాళ్ళు ఉన్నారు, దీపావళి దగ్గర పడేకొద్దీ ఇంకా ఎక్కువ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అమ్మినా, కొన్నా, ఇంట్లో పెంచినా నేరమే. గట్టిగా ఆ మాట అనండి, మళ్ళీ రాడు.

పిల్లని ఏం చెయ్యాలంటే, చాలావరకు వెనక్కి పెట్టెయ్యడమే. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదు అని మా అమ్మమ్మ కూడా చెప్పేది, అది నిజం కాదు, పక్షులు పిల్లని అలా వాసన చూసి వదిలెయ్యవు. మందపాటి గుడ్డ చేతికి చుట్టుకుని, పిల్లని కప్పి, నిచ్చెన వేసి అటక మీద అదే మూలలో పెట్టి దిగిపోండి. నిలబడి చూడొద్దు, టార్చ్ కొట్టొద్దు. ఆ బుసలు పాము కాదమ్మా, పిల్లలు ఆకలికి తల్లిని పిలిచే పిలుపు. రాత్రికి ఆ బుసలు మళ్ళీ వినిపించాయంటే తల్లి వస్తున్నట్టే.

రక్తం కారుతున్నా, రెక్క వేలాడుతున్నా, ఒళ్ళు చల్లబడి కళ్ళు మూస్తున్నా, ఈగలు గుడ్లు పెట్టినా మాత్రం వెనక్కి పెట్టొద్దు. అట్టపెట్టెకి పక్కన నాలుగు చిల్లులు పెట్టి, అడుగున పాత నూలు చీర ముక్క వేసి, పోగులు లేచిన టవల్ వద్దు, గోళ్ళు చిక్కుకుంటాయి, పిల్లని అందులో పెట్టి మూసి చీకటి గదిలో ఉంచి అటవీ శాఖ వాళ్ళకి గానీ సెంటర్‌కి గానీ చెప్పాలి. పాలు, అన్నం, బిస్కట్ ఏమీ పెట్టొద్దు. నీళ్ళు నోట్లో అసలు పొయ్యొద్దు. ఈ మాట నేను ఊరికే రాయట్లేదు. చేరిన మొదటి వేసవిలో, ఎవరూ చూడకుండా, దాహంగా ఉందనుకుని ఒక గద్ద నోరు తెరిచి సీసా మూతతో నీళ్ళు పోశాను. గాలి వెళ్ళే దారి నాలుక మొదట్లోనే ఉంటుంది వాటికి, నీళ్ళు అందులోకి పోయాయి. అది నా చేతుల్లోనే పోయింది, పదేళ్ళయినా ఆ మూత రంగు గుర్తుంది నాకు. ఈ పక్షులు చాలావరకు నీళ్ళు తినే మాంసంలోంచే తీసుకుంటాయి.

ఇక మీ ఇంటి పిల్లల ఏడుపు గురించి. గుడ్లగూబ పిల్ల కళ్ళు తెరిచిన కొత్తల్లో మనిషి చేతి తిండి తింటూ పెరిగితే తను కూడా మనిషినే అనుకుంటుంది, పెద్దయ్యాక జత కట్టదు, వేటాడటం రాదు. అందుకే సెంటర్లలో మొహానికి గుడ్డ కట్టుకుని, మాట్లాడకుండా, అదే జాతి పిల్లలతో కలిపి పెంచుతారు. మీ పిల్లలకి ఇలా చెప్పండి, మనం పెంచుకుంటే దానికి ఇంక అమ్మ ఉండదు అని. చిన్నపిల్లలకి ఆ మాట వెంటనే అర్థమవుతుంది.

అత్తగారితో వాదన పెట్టుకోవద్దమ్మా, పెద్దావిడ చిన్నప్పటి నుంచి విన్నది ఒక్క రోజులో పోదు. మీది వరి పండే ప్రాంతం, వడ్ల బస్తాల మీద ఎలకలు చేసే నష్టం ఆవిడకి మీకన్నా బాగా తెలుసు. ఆ జంట పిల్లలున్నన్నాళ్ళు తెల్లవార్లూ ఎలకలే తెచ్చి పెడుతుంది, అటక కింద పడిన ఉండలు ఒకటి విప్పి చూపించండి, లోపల ఎలక పుర్రెలు, పళ్ళతో సహా ఉంటాయి. లక్ష్మీదేవి వాహనం కదా అని కూడా అనొచ్చు, అదీ మన మాటే. ఇంట్లో ఎలకల మందు పెడుతుంటే మాత్రం వెంటనే తీసెయ్యండి, ఆ మందు తిన్న ఎలకని గుడ్లగూబ తింటే దానికీ లోపల రక్తస్రావమవుతుంది, గూడంతా పోతుంది.

(ఫోన్లో తెలిసింది, పిల్లని అటకెక్కించారట, రాత్రి మూడు గొంతులు వినిపించాయట.)

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయికి పదహారేళ్ళు, కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందని రాప్టర్ సెంటర్లో వాలంటీర్ చేయించాలనుకుంటున్నాం. ఇక్కడ పద్ధతి ఎలా ఉంటుంది? – ఒక తల్లి

రాప్టర్లంటే గద్దలు, గుడ్లగూబల్లాంటి వేటాడే పక్షులు. మీ రాష్ట్రంలోనే మిల్లింగ్టన్‌లో రాప్టర్ ట్రస్ట్ అని పేరున్న సెంటర్ ఉంది, అది కాక మిన్నెసోటా యూనివర్సిటీ రాప్టర్ సెంటర్ 1974 నుంచి నడుస్తోంది, గద్దల ఎముకల ఆపరేషన్లు ప్రపంచం వాళ్ళ దగ్గర నేర్చుకుంటుంది. అక్కడ చట్టం మనకన్నా గట్టిగా అమలవుతుంది. 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం పర్మిట్ లేకుండా దెబ్బతిన్న గద్దకి ఇంట్లో వైద్యం చెయ్యకూడదు, దారిలో దొరికిన గద్ద ఈక ఇంటికి తెచ్చుకోవడం కూడా తప్పే, ఇది అమ్మాయికి ముందే చెప్పండి. పక్షులతో నేరుగా చేసే పనికి చాలా చోట్ల 18 నిండాలంటారు, పదహారేళ్ళకి దొరికేది తోట పని, బట్టలు, సందర్శకులకి చెప్పే పని.

అక్కడి పక్షుల కష్టాలు కూడా వేరు. మాంజా ఉండదు, కానీ వేటగాళ్ళు జింకని కొట్టి పేగులు అడవిలో వదిలేస్తే అందులోని సీసం తూటా తునకలు బాల్డ్ ఈగిల్ అనే తెల్ల తల పెద్ద గద్ద పొట్టలోకి పోతాయి, మెదడు దెబ్బతిని నిలబడలేక పడిపోతుంది, సీసాన్ని రక్తంలోంచి లాగే ఇంజెక్షన్లు చెయ్యాలి. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకు పల్చబడి అంతరించిపోబోయిన ఆ పక్షి, 1972లో డీడీటీ ఆపేశాక కోలుకుని 2007లో ప్రమాద జాబితాలోంచి బయటపడింది. అంత కష్టపడి తెచ్చుకున్న పక్షి.

అప్లికేషన్ కోసం అయితే వద్దమ్మా అని చెప్పాలనిపిస్తోంది, కొంచెం కఠినంగా ఉన్నా. ఒక వాలంటీర్‌కి పని నేర్పడానికి సెంటర్ వాళ్ళకి నెలలు పడుతుంది, గంటలు పూర్తవగానే వెళ్ళిపోతే ఆ నెలలు వృథా. అమ్మాయినే అడగండి, తనకి నిజంగా ఉంటే రెండేళ్ళు చేస్తుంది.

ప్రశ్న: మేం చైనా మాంజా కొనం, పిల్లలకి నూలు మాంజానే ఇస్తాం. అదైనా ప్రమాదమేనా? పండగ మానెయ్యమంటారా? – ఒక తండ్రి, ధూల్‌పేట

పండగ మానొద్దు అన్నా, పతంగులు మా ఇంట్లోనూ ఎగరేస్తారు. చైనా మాంజా తెలంగాణలో 2016లోనే నిషేధించారు, 2017లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతటా నైలాన్ మాంజా వద్దంది. ఐతే గాజు పొడి పూసిన నూలు దారమూ కోస్తుంది. గద్ద రెక్క ముందు అంచున పల్చటి చర్మం ఒకటుంటుంది, అందులోనే రెక్కని చాచే టెండన్ అనే తాడులాంటి కండర బంధం, అది తెగిందంటే ఎముక బాగున్నా ఎగరదు. గాజు లేని సాదా దారం ఇవ్వండి. పొద్దున్నే, సాయంత్రం పొద్దుగూకే వేళ పక్షులు ఎక్కువ తిరుగుతాయి, ఆ రెండు వేళలు వదిలేసి మధ్యలో ఎగరెయ్యండి. గుజరాత్‌లో 2017 నుంచి ఏటా జనవరి 10 నుంచి 20 దాకా కరుణా అభియాన్ అని దారం తగిలిన పక్షుల్ని కాపాడే కార్యక్రమం ప్రభుత్వమే చేస్తోంది, వాళ్ళు చెప్పేదీ ఇదే.

పండగ అయ్యాక మీరు, పిల్లలు కలిసి చెట్ల మీద మిగిలిన దారం అందినంత వరకు చుట్టి తీసెయ్యండి, కరెంటు వైర్ల దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు, మాకు మార్చి దాకా ఆ దారం తగిలిన గద్దలు వస్తూనే ఉంటాయి. చిక్కుకున్న పక్షి దొరికితే దారం లాగొద్దు, రెండు పక్కలా కత్తెరతో కత్తిరించి ఒంట్లో ఉన్నది అలాగే వదిలి తీసుకురండి.

ప్రశ్న: మాది ఆసిఫాబాద్ జిల్లా. ఇక్కడ రాబందులు ఉన్నాయంటారు కానీ వైద్యం చేసే సెంటర్ లేదు. సిటీకి రాలేను. ఇక్కడే ఉండి ఏమైనా చెయ్యొచ్చా? – ఒక రైతు బిడ్డ

తమ్ముడూ, నువ్వున్న చోటుకి మేమే రావాలి. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో పొడవు ముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయి, రాష్ట్రంలో రాబందులు గూడు కట్టుకున్న చోటు దొరకడం ఎంత పెద్ద విషయమో.

రాబందులు ఎందుకు పోయాయో తెలుసా, పశువులకి నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వల్ల. ఆ ఇంజెక్షన్ పడిన ఆవు చనిపోతే, ఆ మాంసం తిన్న రాబందు కిడ్నీలు పాడై తల వేలాడేసి చచ్చిపోతుంది. మూడు జాతులు నూటికి తొంభై అయిదు పైగా పోయాయి. పశువులకి ఆ మందు 2006లో ఆపారు, మనుషులకి అమ్మే పెద్ద సీసాలు పశువులకి వాడుతున్నారని 2015లో వాటినీ ఆపారు, 2023లో అలాంటివే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందులు కూడా పశువులకి వద్దన్నారు. హర్యానాలోని పింజోర్‌లో రాబందుల్ని పెంచి వదిలే కేంద్రానికి జటాయువు పేరు పెట్టారు. మన లేపాక్షిలో రాముడు రెక్క తెగిన పక్షిని లే పక్షీ అన్నాడని చెప్పుకుంటాం కదా, ఆ జటాయువే.

నువ్వు చెయ్యాల్సింది, మీ ఊళ్ళో పశువులకి సూది వేసే అతన్ని మెలాక్సికామ్ వాడమని అడగడం, అది రాబందులకి చేటు చెయ్యదని తేలిన మందు. కుక్కలకో చిరుతకో అని చచ్చిన గొడ్డు మీద విషం చల్లేవాళ్ళని ఆపడం. ఎక్కడైనా రాబందు నేల మీద కూలబడి కనిపిస్తే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కి చెప్పడం. దీన్ని కూడా వాలంటీరింగే అంటారు, నేను కడిగే కేజ్‌ల కన్నా ఎక్కువ పక్షుల్ని కాపాడుతుంది.

ప్రశ్న: సెంటర్లో చేరి ఎనిమిది నెలలైంది. మూడు నెలలు నేను చూసుకున్న గద్ద, బరువు పెరుగుతోంది, వచ్చే వారం పెద్ద కేజ్‌లోకి మారుద్దామనుకుంటుండగా ఒక పొద్దున చనిపోయి ఉంది. నా తప్పేమో అనిపిస్తోంది. మానేద్దామనుకుంటున్నా. – ఒక వాలంటీర్, విశాఖ

మానెయ్యొద్దు అని వెంటనే రాయబోయి ఆగాను. రెండు వారాలు వెళ్ళకండి, సెంటర్‌కి చెప్పి ఆగండి. నా నీళ్ళ సంగతి పైన రాశాను కదా, ఆ తర్వాత నెల రోజులు నేనూ వెళ్ళలేదు.

మీ తప్పు అవ్వొచ్చు, కాకపోవచ్చు, ఆ రెండూ వేరు చేసి చూడాలి. బరువు పెరుగుతూ ఉన్నట్టుండి పోయే పక్షుల్లో ఊపిరితిత్తుల్లో బూజు పట్టినవి ఉంటాయి. తేమ ఉన్న గదిలో, తడి గోనె పట్టాల మీద ఆ బూజు పెరుగుతుంది, చివరి రోజుల దాకా బయటికి తెలియదు, మీ విశాఖ ఉక్కపోతలో ఇంకా జాగ్రత్త. పోస్ట్‌మార్టం చేశారా? చెయ్యకపోతే ఇకపై ప్రతిదానికీ చెయ్యమని డాక్టర్‌ని అడగండి, బాధగా ఉంటుంది, పక్కన నిలబడి చూడండి.

మా దగ్గరికి వచ్చినవన్నీ బతకవు, రెక్క ఎముక చర్మంలోంచి బయటికొచ్చి ఎండిపోయి వచ్చే గద్దకి డాక్టర్ ఏం చెయ్యగలడు, శాశ్వతంగా నిద్రపుచ్చడమే మేలనే రోజులూ ఉంటాయి. అలవాటైపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, నాకు కాలేదు. పోయిన నవంబర్‌లో నాలుగు నెలలు తిండి పెట్టిన గద్దని వదిలేటప్పుడు పెట్టె తెరవగానే నా మణికట్టు గీరేసి మరీ వెళ్ళింది. మచ్చ ఇంకా ఉంది. నాలుగు నెలల తర్వాత కూడా దానికి నేనంటే భయం పోలేదు, ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

మీ గద్ద పేజీ నోట్‌బుక్‌లోంచి చింపెయ్యకండి. మూడు నెలల బరువు లెక్క రోజూ రాశానన్నారు. రెండు వారాలయ్యాక వెళ్ళి మీ డాక్టర్ పక్కన కూర్చుని ఆ లెక్కలు, ఉండ పడని రోజులు, తిండి మిగిల్చిన పూటలు ఒక్కొక్కటి చూడండి, ఆ కేజ్‌లో కింద ఏం పరిచారో, ఎన్ని రోజులకి మార్చారో అది కూడా. ఏప్రిల్ నుంచి గూళ్ళలోంచి ఎండకి తాళలేక పడిపోయే పిల్లలు మొదలవుతాయి, అవి వచ్చేలోపు ఆ గది ఆరబెట్టి ఉంచాలి.